మా అత్తమ్మ ఆయన తల ఊపనివ్వలేదు

రోజూ తాను పాలు పితికే బర్రెను చూసి, ఒక ఉదయం మా ఆయన సైదులు "ఇది ఎవలది?" అన్నాడు. ఎగతాళి అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అంతకు కొన్ని వారాల ముందు టేకులపల్లి దారిలో అడవిపంది అడ్డమొచ్చి బండి మీంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. సీటీ స్కాన్‌లో బ్లీడింగ్ లేదని ఇంటికి పంపారు. తర్వాత తలనొప్పి, వెలుతురు పడకపోవడం, ఊరికే కోపం. ఇప్పుడు మరపు.

మా వాడకట్టులోని ఇరుగుపొరుగంతా తీర్పు చెప్పింది: "అది పంది గాదు, గాలి. పంది రూపుల వచ్చింది." గాలి దింపేవాడు డప్పు కొట్టించి, జుట్టు పట్టి తల గిరగిరా ఊపాలట. మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునేదాన్ని; అత్తమ్మ కూడా ఆ మాటే నమ్మింది, ఆమె ముందు నా వాదం ఒక్కటీ నిలవలేదు.

"ముందుగాల ఖమ్మం పోదం అత్తమ్మా. డాక్టర్ ఏమంటడో నువ్వే విను."

"అవ్, వింట. నీ తీరుగ ఉపన్యాసం ఇయ్యకుంటే వింట."

న్యూరాలజిస్ట్ ఎంఆర్ఐ చూసి "డిఫ్యూజ్ ఆక్సోనల్ ఇంజురీ" అన్నారు. కుదుపుకు నరాల కణాల సన్నని తీగలు సాగి దెబ్బతిన్నాయట.

"ఆ తీగలకు టౌ అనే ప్రొటీన్ ఊతంగా ఉంటదమ్మా. దెబ్బకు అది ఊడి, ఆకారం చెడి, ఒకదానికొకటి అంటుకొని గడ్డలు కట్టొచ్చు. అవి పేరుకుంటే కణం చస్తది. పక్క కణానికి పాకొచ్చు కూడా. అందరికీ అట్ల కాదు. ఈయనకు ఎంత జరిగిందో ఈ స్కాన్ చెప్పదు."

"పాలు విరిగినట్టా సారూ?" అంది అత్తమ్మ.

ఆయన అత్తమ్మ వైపు తిరిగారు. "అట్లనే అనుకో."

"విరిగినయి మళ్ల పాలైతయా?"

"కావు. ఆ గడ్డల్ని కరిగించే మందు మా చేతికి ఇంకా రాలే. మిగిలిన పాలల్ల ఇంకో నిమ్మచుక్క పడకుండ చూడొచ్చు. తలకు ఇంకో దెబ్బ, ఇంకో కుదుపు తగలొద్దు."

మాత్రలు, నిద్ర, ఫిజియోథెరపీ. కోలుకుంటున్నాడు అనుకునేలోపే ఫిట్స్ వచ్చాయి. మళ్లీ ఆస్పత్రి. మందులు మార్పించుకుని ఇంటికొచ్చేసరికి వాకిట్లో డప్పు! ఇరుగుపొరుగు వాళ్లే గాలి దింపేవాణ్ణి పిలిపించారు. నేను నోరు తెరవబోతే అత్తమ్మ నన్ను పక్కకు జరిపి గడపలో నిలబడింది.

"ఊదు ఏస్తవా, ఎయ్యి. మొక్కుతవా, మొక్కు. నా కొడుకు తల ముట్టినవంటే ఊకోను."

"ఊపకుంటే గాలెట్ల దిగుతదవ్వా?"

"గాలి దిగుడేమో గని, పాలు విరుగుతయ్."

పాల సంగతేమిటో అతనికి అంతుపట్టలేదు. ఊదు పొగ వేసి, టీ తాగి వెళ్లిపోయాడు.

అత్తమ్మ మొక్కులు మానలేదు. నా ఉపన్యాసాలూ ఆగలేదు. కానీ ఆ గడపలో ఆమె నిలబడ్డ తీరుకు, ఆమె ప్రశ్నకు పాల భాషలోనే జవాబిచ్చిన ఆ డాక్టరుకు నేను రుణపడి ఉన్నాను.

సైదులు ఇప్పుడు బర్రెను పేరు పెట్టి పిలుస్తాడు. మనుషుల పేర్లే కొన్ని జారిపోతాయి. మోటార్లు బాగుచేసే తన షాపులో సగం పూట కూర్చుంటాడు. బండి మాత్రం తోలనివ్వం.

తలకు దెబ్బ తగిలిన మనిషిలో మార్పు కనిపిస్తే, మొదటి స్కాన్ బాగుందన్నా సరే, మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మొక్కేవాళ్లను మొక్కనివ్వండి, దూరం నుంచి. ఆ తలను మాత్రం ఎవరినీ ఊపనివ్వకండి.