బాబాయి సెలూన్‌లో పేపరు

మా వీధి చివర సెలూన్ నడిపే ఆయన్ని చిన్నాపెద్దా అందరూ బాబాయి అనే పిలుస్తారు. ఆ సెలూన్‌లో ఒక ఆనవాయితీ ఉండేది. గడ్డం గీయించుకునేవాడు పేపరు పట్టుకోలేడు కదా, అందుకని బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాడు పైకి చదవాలి. కుర్చీలో ఉన్నవాడు నురగ మూతితో ఊఁ కొడతాడు. ఎవరైనా వార్తని శంకిస్తే బాబాయి ఊరుకునేవాడు కాదు. "పేపరువాడు కనుక్కోకుండా వేస్తాడా? వాడికేం పనీపాటా లేదనుకున్నావా?" అని నోరు మూయించేవాడు. పేపరంటే అంత గురి.

ఆ రోజు చదివే వంతు నాది. మొదటి పేజీలో ఇంతింత అక్షరాలు: 'తాగిన మత్తులో డ్రైవర్, కాలువలోకి దూసుకెళ్ళిన బస్సు'. చాలామందికి దెబ్బలు తగిలాయట. నేనింకా రెండో వాక్యంలో ఉండగానే బాబాయి కత్తి పైకెత్తి పట్టుకుని తిట్లు లంకించుకున్నాడు.

"ఇలాంటివాణ్ణి నడిరోడ్డు మీద నిలబెట్టి తన్నాలి. వాడి ఇంట్లోవాళ్ళు అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా? వీడు తాగుతుంటే చూస్తూ ఎలా ఊరుకున్నారు?"

డ్రైవర్ పేరు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, పేపరు బాబాయి ముందు పెట్టాను. అది బాబాయి సొంత తమ్ముడి పేరు. దూరం బస్సు మీద వెళ్ళినవాడు రెండు రోజులైనా రాకపోతే ఇంట్లో ఎవరూ కంగారుపడరు. అందుకే ఆ కబురు పేపరే తెచ్చింది.

తమ్ముడు మందు ముట్టి ఎరగడు. సోడా తాగినా తల తిరుగుతుందంటాడని బాబాయి భార్య, మా అందరి పిన్ని, వేళాకోళం చేసేది. ఆస్పత్రికి పరిగెత్తాం. కాలు విరిగి మంచం మీద ఉన్నాడు.

"బ్రేకులు పట్టడం లేదని ఓనరుకి ఎన్నిసార్లు మొత్తుకున్నానో అన్నయ్యా. తాగానని రాశారటగా? ఇక నా చేతికి స్టీరింగు ఎవరిస్తారు?" అని ఏడ్చాడు.

ఇంతకీ ఆ బస్సులు ఎవరివి? ఆ పేపరు యజమాని బావమరిదివి. ఊళ్ళో అందరికీ తెలుసు, పేపర్లో మాత్రం ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. రక్తపరీక్ష ఫలితం రాకముందే వీళ్ళకి మత్తు ఎలా కనబడింది? బావమరిది బస్సుకి బ్రేకులు లేకపోవడం ఎందుకు కనబడలేదు?

బాబాయి పోటీ పేపరు ఆఫీసుకి వెళ్ళాడు. వాళ్ళు కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, ఫొటో తీశారు. మర్నాడు ఆ ఫొటో కింద 'ఓనరుని ఉరితీయాలి' అని ఆయన అన్నట్టు వేశారు. ఆయన అన్నదల్లా "మా తమ్ముడు తాగడండీ, అది వేయండి చాలు" అని. ఆ మాట ఎక్కడా లేదు. వాళ్ళకి కావలసింది అవతలి పేపరు పరువు తీయడం, మా వాడి పరువు నిలబెట్టడం కాదు.

రక్తంలో మద్యం లేదని రిపోర్టు వచ్చింది. అది పట్టుకుని బాబాయి మొదటి పేపరు ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి వేశారు, లోపలి పేజీలో అద్దె ఇళ్ళ ప్రకటనల కింద మూడు ముక్కలు. మొదటి పేజీలో ఎందుకు వేయలేదంటే "చోటు లేదండీ" అన్నాడట అక్కడి సబ్ ఎడిటరు. సిగ్గూ శరం లేని మనుషులు.

ఆ రోజుతో సెలూన్‌లో పేపరు బంద్. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట, "ఇప్పుడు పేపర్లని ఎవడు నమ్ముతున్నాడు బాబాయ్, అన్నీ అమ్ముడుపోయినవే." ఆ మాటలు వింటుంటే ఆయన ప్రాణం కాస్త కుదుటపడేది. తమ్ముడి పేరుకి ఇక ఢోకా లేదనుకున్నాడు.

కట్టు విప్పాక తమ్ముడు చేతికర్ర సాయంతో గడ్డానికి వచ్చాడు. బాబాయి తనే కుర్చీలో కూర్చోబెట్టాడు. బెంచీ మీద బట్టల కొట్టు గుమాస్తా ఉన్నాడు. పేపర్లని అందరికంటే ఎక్కువ తిట్టేది అతనే. లేచి వచ్చి, "కాలు ఎలా ఉందోయ్?" అంటూ తమ్ముడి మొహం మీదికి వంగాడు. అవసరానికి మించి వంగాడు. అతని ముక్కుపుటాలు కదలడం అద్దంలో అందరం చూశాం. తమ్ముడు పెదాలు బిగించి తల పక్కకి తిప్పుకున్నాడు.

బాబాయి కుంచె కింద పడేశాడు.

"పేపర్లన్నీ అబద్ధాలే అన్నావు కదయ్యా నువ్వు. మరి వాడి నోట్లో ఏం వెతుకుతున్నావు?"

గుమాస్తా గడ్డం గీయించుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు తమ్ముడు పని కోసం బస్సుల ఆఫీసులకి వెళ్ళినా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నాడు. చూసినవాళ్ళు వీడేదో దాస్తున్నాడనే అనుకుంటున్నారు.