వన్ ఎలెవెన్ తోక కింద లచ్చన్న

జగిత్యాల వైపు నుంచి ఒమన్ వచ్చిన లచ్చన్నకు చెవుడొచ్చి నాలుగేళ్లయినా పనికి పెట్టుకున్న క్లీనింగ్ కంపెనీకి తెలియలేదంటే, ఆ పుణ్యం వన్ ఎలెవెన్‌దే. అతని చెవులు తిన్నదీ అదే లెండి.

అది పాత బ్రిటిష్ జెట్ విమానం. దగ్గరి ఊళ్లకు మనుషుల్ని తిప్పడానికి కట్టిన రకం. ఒమన్‌కు డెబ్బైల నడుమ మూడొచ్చాయి. వాటికి ముందుభాగంలో, పక్కన పెద్ద తలుపు పెట్టించారు, సామాను ఎక్కించుకోవడానికి. తోక కింద మెట్లు, ఆ మెట్లకు అటొకటి ఇటొకటి ఇంజన్లు. ఆ మెట్లు కడగడమే లచ్చన్న డ్యూటీ. చెవులకు పెట్టుకోమని ఇచ్చిన మూతలు చెమటకు దురద పెడుతున్నాయని దూది కుక్కుకునేవాడు. ఇదేం పనిరా అని అడిగిన పాపాన ఎవడూ పోలేదు.

ఆ మోతలో మాటలు పనికిరావు. అందరివీ చేతి సైగలే: ఆపు, జరుగు, ముందుకు రా. అందుకే అక్కడ లచ్చన్న అందరిలాంటివాడే. గుట్టు తెలిసింది అతని రూమ్‌లో ఉంటూ అక్కడే పనిచేసే దేవయ్య ఒక్కడికే. ఇద్దరికీ చదువు రాదు. లచ్చన్న పెళ్లాం యాదవ్వ ఇంటి నుంచి ఫోన్ చేస్తే దేవయ్య విని, సైగ చేసి చెప్పేవాడు. బర్రె ఈనిందని చెప్పడానికి పాపం అతను పడ్డ తంటా అంతా ఇంతా కాదు. పెళ్లాం ముచ్చట్లు ఇంకొకడి చేతుల్లో చూడాల్సి రావడం లచ్చన్నకు చచ్చేంత సిగ్గు. అయినా ఇంకో రెండేళ్లు, ఇంటికి స్లాబు పడేదాకా, కంపెనీకి తెలియకపోతే చాలు.

విమానాలు ముసలివయ్యాయి. పని తగ్గింది. రెండువేల తొమ్మిదిలో కంపెనీ లచ్చన్నను బౌషర్‌లో ఒక ఆస్పత్రి తుడిచే పనికి మార్చింది. నాలుగో రోజు పొద్దున అతను వరండా తుడుస్తుంటే వెనక నుంచి స్ట్రెచర్ వచ్చింది. తోసేవాడు "హటో, హటో" అని అరిచాడట. లచ్చన్న కదల్లేదు. స్ట్రెచర్ అతనికి తగిలి ఒరిగింది, మీదున్న ముసలాయన కిందపడి తుంటి విరిగింది. సూపర్‌వైజర్ ఎహసాన్ వెనక నిలబడి మూడుసార్లు పేరుపెట్టి పిలిచాడు. లచ్చన్న ముసలాయన తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు.

చెవుడు బయటపడింది. వీసా క్యాన్సిల్ చేశారు.

ఆ సాయంత్రం దేవయ్య ఫోన్‌లో యాదవ్వకు అంతా చెప్పేశాడు.

"ఏమంటున్నదిరా?" అన్నాడు లచ్చన్న.

అప్పుడు యాదవ్వ అంది: "చెవులున్నప్పుడు మాత్రం నా మాట ఇన్నడా? స్లాబు లేకుంటే రేకులేసుకుందాం. జెల్ది రమ్మనన్నా."

దేవయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ మంచం మీద పెట్టి లేచాడు. విమానాన్ని దాని చోటికి పిలిచేటప్పుడు చేసినట్టు రెండు చేతులూ పైకెత్తి, తన వైపుకు ఊపాడు.

లచ్చన్న ఆ చేతుల్నే చూస్తూ మంచం మీద కూలబడ్డాడు.