ఈశాన్యం మూల పొన్నగంటి కూర

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకం భయపడినన్నాళ్లూ అమీర్‌పేటలో మా బతుకు పచ్చగా ఉండేది. మెయిన్‌ఫ్రేమ్ కోర్సుకి మా ఇన్‌స్టిట్యూట్‌లో కుర్చీలు చాలక పిల్లలు మెట్ల మీద కూర్చుని నోట్సు రాసుకునేవాళ్లు. ఆ సంవత్సరం రానే వచ్చింది. ఏ కంప్యూటరూ తలకిందులవలేదు, మేమే అయ్యాం. ఆ తర్వాత అమెరికాలో ఏదో కూలిందన్నారు. నా బ్యాచ్‌లో ఏడుగురు మిగిలారు, వాళ్లలో ఇద్దరు ఏసీ కోసం వచ్చేవాళ్లు. మావారిని కంపెనీ వాళ్లు ప్రాజెక్టు లేదని మొదట బెంచి మీద కూర్చోబెట్టారు, తర్వాత ఇంట్లో కూర్చోబెట్టారు. మధురానగర్‌లో మా రెండు గదుల ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఆ జీతం ఏ క్షణాన ఆగిపోతుందోనని నాకు అన్నం సహించేది కాదు.

మెయిన్‌ఫ్రేమ్ చెప్పేవాళ్లం ఇద్దరం. నేనూ, మెదక్ నుంచి వచ్చిన ఒకాయనా. ఇంకో మూడు నెలలు చూసి, ఆ నెలాఖరు నుంచి ఒక్కరినే ఉంచుకోగలనని మా డైరెక్టరు గారు టీ ఇప్పించి మరీ చెప్పారు. "ఎవరన్నది ఇంకా ఆలోచిస్తున్నానండీ, మీరేం మనసులో పెట్టుకోకండి" అన్నారు. మనసులో కాక ఇంకెక్కడ పెట్టుకుంటాం?

ఇప్పుడు దాచి ఏం లాభం, ఆయన నాకంటే బాగా చెప్పేవాడు. అర్థం కాని పిల్లాడి పక్కన కూర్చుని, వాడి నోట్సులోనే బొమ్మలు గీసి చెప్పేవాడు. నా ఏడుగురిలో నలుగురు దొంగతనంగా వెళ్లి ఆయన క్లాసులో వెనక నిలబడేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. పైగా మా తెనాలి వైపు పద్ధతిలో నేను "మీరు, అండీ" అంటుంటే, ఆయన మొదటి రోజునుంచే "అక్కా, నువ్వు" అనేవాడు. అది ఆప్యాయత అని తెలుసుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

ఆ రోజుల్లోనే డైరెక్టరు గారు శ్రీనగర్ కాలనీ నుంచి ఒక వాస్తు సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన రిసెప్షన్లో ఈశాన్యం మూల ఉన్న చేపల తొట్టి ముందు ఆగిపోయారు. నాలుగడుగుల తొట్టి, పచ్చగా చిక్కబడిన నీళ్లు, రెండు ప్లాస్టిక్ చెట్లు. ఇంటర్వ్యూలకి వెళ్లేముందు పిల్లలు మొక్కుకుని వేసిన రూపాయి బిళ్లలు అడుగున నాచు పట్టి ఉన్నాయి. "ఇక్కడ నీళ్లు చచ్చిపోయాయండీ. అడ్మిషన్లు ఎక్కణ్ణించి వస్తాయి? ప్లాస్టిక్ తీసేసి బతికున్న మొక్కలు పెట్టించండి" అన్నారు. అమెరికాలో కూలిందేమిటో అప్పుడు మా అందరికీ తెలిసింది.

"మీ ఇద్దరికీ ఎలాగూ పెద్దగా క్లాసుల్లేవు కదా" అని డైరెక్టరు గారు ఆ తొట్టిని మాకు అప్పగించారు. పదకొండేళ్ల అనుభవానికి దక్కిన గౌరవం!

నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని పంజాగుట్టలో చేపల దుకాణానికి వెళ్లాను. దుకాణం భాయ్ వేర్లకి సీసం ముక్క చుట్టిన నాలుగు మొక్కల కట్టలు చూపించాడు. "సింగపూర్ మాల్ మేడమ్. జర లైటు మంచిగ పెట్టున్రి, ఏం ఫికర్ లేదు." వారానికి ఆకులు జిగటజిగటగా కరిగిపోయాయి. మళ్లీ వెళ్లి అడిగితే, "మీ పానీ ఖరాబ్ ఉంది మేడమ్, మొక్క మంచిదే" అని ఇంకో నాలుగు అంటగట్టాడు. అవీ పోయాయి. రెండు చేపలు కూడా వాటితో పాటే వెళ్లిపోయాయి.

మూడోసారి నేను తెచ్చిన ఎర్రాకుల కట్టని మెదక్ ఆయన చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఫక్కున నవ్వాడు.

"అక్కా, గిది తోట మొక్క. పార్కుల గట్టెంబడి పెడ్తరు సూడు, గదే. నీళ్లల్ల ముంచితె సావక ఏం జేస్తది? మనకు బురదల పెరిగేది గావాలె. ఎండల ఉంటది, నీళ్లల్ల సుత ఉంటది."

"అవెక్కడ దొరుకుతాయండీ? సింగపూర్లోనా?"

"అమీర్‌పేట మార్కెట్ల. కూరగాయల బండి మీద."

నిజంగానే మర్నాడు రెండు రూపాయల పొన్నగంటి కూర కట్ట తెచ్చాడు. కింది ఆకులు గిల్లేసి, కణుపు ఇసకలోకి దిగేలా ఒక్కో కాడా ఎలా గుచ్చాలో చూపించాడు. నేను గుచ్చాను. నర్సరీ నుంచి వస మొక్క తెమ్మన్నాడు. పిల్లలకి మాటలు రావాలని నాలుక మీద అరగదీసి రాస్తామే, ఆ వస. చిన్న మట్టి ముంతలో బంకమట్టి వేసి, పైన గులకరాళ్లు పరిచి, వేర్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేలా నిలబెట్టాం. తొట్టిలో నీళ్లు జానెడు తగ్గించమన్నాడు, పొన్నగంటి కొసలు గాలి పీల్చుకోవాలట. నేను రోజూ పొద్దున్నే వచ్చి మగ్గుతో నీళ్లు మార్చేదాన్ని.

పదిరోజుల్లో పాత ఆకులన్నీ రాలిపోయాయి. మళ్లీ మొదటికొచ్చింది రా దేవుడా అనుకున్నాను. "ఆగక్కా, నీళ్లకు అలవాటు పడుతున్నది" అన్నాడు. అన్నట్టే కణుపుల దగ్గర సన్నగా, పల్చగా కొత్త ఆకులు వేశాయి. నెల తిరిగేసరికి తొట్టి నిండిపోయింది. ఒకరోజు మా ఆఫీసు ఊడ్చే ఆమె పైకొచ్చిన కొసలన్నీ కోసి కొంగులో వేసుకుంటూ పట్టుబడింది. "కంటికి మంచిదమ్మా, పప్పుల ఏసుకుంట" అంది. నేను నెత్తీనోరూ కొట్టుకుంటే ఆయన మాత్రం, "మంచిదేనక్కా, కోస్తేనే గుబురైతది" అన్నాడు. అయింది కూడా.

డైరెక్టరు గారు పెట్టిన గడువుకి మూడు రోజులుందనగా సిద్ధాంతి గారు మళ్లీ వచ్చారు. నేను డైరెక్టరు గారి గది పక్కనే జిరాక్స్ నోట్సు కుట్టుకుంటున్నాను. మధ్యలో ఉన్నది ప్లైవుడ్డు చెక్క. అవతల వాళ్లు నిట్టూర్చినా ఇవతలకి వినపడుతుంది.

"ఆ మొక్కలు పెట్టిన చెయ్యి మంచిదండీ. ఎవరో గానీ ఆ మనిషిని మాత్రం వదులుకోకండి. మీ మంచి కోరి చెబుతున్నాను."

"అలాగేనండీ. నేనూ ఎవరిని ఉంచుకోవాలా అని తల పట్టుకుంటున్నాను" అన్నారు డైరెక్టరు గారు.

నా చేతిలో దబ్బనం వేలికి గుచ్చుకుంది. మెదక్ ఆయన వెనక గదిలో గొంతెత్తి పాఠం చెబుతున్నాడు. ఈ మాట ఆయన వినే అవకాశం లేదు.

పది నిమిషాలకి డైరెక్టరు గారు మా ఇద్దరినీ తొట్టి దగ్గరికి పిలిచారు. "ఇంతకీ ఈ మొక్కలు పెట్టిందెవరండీ?" అని మామూలుగా, కాఫీ ఎవరికి అని అడిగినట్టు అడిగారు.

"నేనే సార్" అన్నాను. అబద్ధం కాదు. కాడలు గుచ్చింది నేనే, నీళ్లు మార్చింది నేనే.

మెదక్ ఆయన నా వైపు చూసి మనస్ఫూర్తిగా నవ్వాడు. "అవును సార్, అంత అక్కదే. పొద్దుగాల మనం రాకముందుకే వచ్చి నీళ్లు మారుస్తది. మస్తు ఓపిక" అన్నాడు. నాకు మెచ్చుకోలు దొరుకుతోందని అంత సంబరపడ్డాడు ఆ మహానుభావుడు.

నెలాఖరున ఆయన చేతికి కవరిచ్చారు. కారణం అడిగితే, "పరిస్థితులండీ" అన్నారట. ఆ సాయంత్రం ఆయన తన మార్కర్ పెన్నులూ, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, నిజం చెప్పు. నేను సరిగ్గ చెప్తలేనా? పోరగాళ్లు ఏమన్న కంప్లైంట్ ఇచ్చిన్రా?"

మీకంటే బాగా చెప్పేవాళ్లు ఈ అమీర్‌పేటలో లేరండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే, మరి నన్నెందుకు తీసేశారక్కా అని అడుగుతాడు.

"ఏమోనండీ, నాకు తెలీదు" అన్నాను.