అత్తగారి కింది రెప్ప

మా అత్తగారి కుడికంటి కింది రెప్ప లోపలికి ముడుచుకుని, వెంట్రుకలు గుడ్డుకు గుచ్చుకోవడం మొదలయ్యాక వైద్యం నేనే చేశాను. ప్రతి శనివారం సాయంత్రం ఆవిడను గుమ్మం దగ్గర వెలుగులో కూర్చోబెట్టి, కనుబొమ్మలకు వాడే ప్లక్కర్‌తో ఒక్కో వెంట్రుకా పీకేదాన్ని. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆవిడే. కన్ను కారుతూ ఉంటే ఎలా చదువుతారు?

నాకు నిదానం తక్కువ. పీకుతూనే, నొప్పిగా ఉందా అని అడిగేదాన్ని. "లేదమ్మా, హాయిగా ఉంది," అనేవారు. మా ముక్తేశ్వరంలో ఎవరికి మాడిన కూర వడ్డించినా, బాగుందండీ అని తిని లేస్తారు. అది తెలిసి కూడా ఆవిడ మాట నమ్మాను. నమ్మితే నాకు సుఖం.

ఐదు నెలలు గడిచాక గానీ అమలాపురం కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. సగంలో తెగిన వెంట్రుకలు మొండిగా, ముళ్ళలా మొలిచి నల్లగుడ్డు మీద గీతలు పెట్టాయని డాక్టరమ్మ చెప్పారు. ఇంకా ఆలస్యమైతే చూపు పోవచ్చట, వెంటనే ఆపరేషన్ చేసి రెప్ప సరిచేయాలట. "ఇవి ఎవరు పీకేరండి? మీరేనా?" అని నన్ను అడిగారు.

నేను నోరు తెరిచేలోగానే అత్తగారు అందుకున్నారు. "ఆయ్, నేనేనండి. అద్దంలో చూసుకుని."

రెప్పకే మత్తిచ్చి, బిగించి కుట్లు వేస్తారని, అరగంట పని అని చెప్పారు. గంటైనా ఆపరేషన్ గది తలుపు తెరవలేదు. కూర్చోలేకపోయాను. నీళ్ళ డ్రమ్ము దాకా వెళ్ళడం, తాగకుండానే రావడం. కుడికన్ను మూసుకుని గోడమీది బోర్డు చదివి చూశాను. నా మీద కోపం, ఆవిడ మీద అంతకు రెట్టింపు కోపం. ఒక్కసారి అబ్బా అని ఉంటే ఆవిడ సొమ్మేం పోయింది?

మర్నాడు కట్టు విప్పారు. అక్షరాల అట్టలో చివరి రెండు వరసలు తప్ప అన్నీ అత్తగారు చదివారు. గీతలు పడ్డ మచ్చ నల్లగుడ్డుకు ఓ పక్కకే ఉందని, చూపుకు భయం లేదని డాక్టరమ్మ అన్నారు.

ఇంటికొచ్చి, అదే గుమ్మం దగ్గర చుక్కల మందు వేస్తూ అలవాటు కొద్దీ అడిగాను. "మంటగా ఉందా అత్తయ్యగారూ?"

"లేదమ్మా, హాయి..." అని ఆగిపోయారు. నా చెయ్యి పట్టుకున్నారు. "మండుతోందమ్మా. పీకేటప్పుడైతే ఇంతకంటే మండేది."

రెండో చుక్క వేయడానికి నాకు చాలాసేపు పట్టింది.