నిశాపతి బాబు ఇంకోసారి

నిశాపతి లాహిరికి ఏ పనైనా ఒక్కసారి చేస్తే చేసినట్టుండదు. షాటు ఎంత బాగా వచ్చినా సరే, "ఇంకోసారి" అనేవాడు. టాలీగంజ్ సినిమా స్టూడియోల్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళ కంటే ఇంకోసారి బాబు అని పిలిచేవాళ్ళే ఎక్కువ. ఆ మాట అనేముందు జేబులోంచి తువ్వాలంత తెల్ల చేతిరుమాలు తీసి, మొహానికి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడేవాడు. భావం లోపలికి దిగుతోందని దర్శకులు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. ఒక్క నిమాయ్ ప్రామాణిక్ మాత్రం పళ్ళు నూరుకునేవాడు.

నిమాయ్ ముప్ఫై రెండేళ్ళుగా ఆయన మేకప్ మనిషి. నిశాపతి మీసం నిమాయ్ చేతి చలవే. తెరమీద జమీందారు వేషంలో ఆయన ఆ మీసం మెలేస్తే రైతులు గజగజలాడేవాళ్ళు, హాల్లో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు. అంతటి మీసమూ పెట్టుడుదే. నిశాపతి పైపెదవి పుట్టు బీడు. నిమాయ్ భార్య పుష్ప తల దువ్వుకుంటే రాలిన జుట్టు పోగుచేసి, సన్నటి వలమీద అల్లి, రోజూ పొద్దున్నే జిగురుతో అతికించేవాడు నిమాయ్. ఈ సంగతి తెలిసినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

"మా ఆయన ఒక్క సినిమాలోనూ కనపడలేదు. నా జుట్టు మాత్రం తొంభై సినిమాలు చేసింది," అనేది పుష్ప, తలుపు వేసి ఉన్నప్పుడు.

నిమాయ్ గర్వమల్లా ఒక్కటే. "ముప్ఫై రెండేళ్ళు. ఒక్కసారంటే ఒక్కసారైనా నా మీసం జారిందా? నా పనికి వంక లేదు. వంకంతా ఆయన నటనలోనే. అందుకే ఈ ఇంకోసారి, ఇంకోసారి."

పెళ్ళిలో కూడా ఇదే గోల. దండలు మార్చుకోవడం అయిపోయింది, శంఖాలు ఊదారు, ఆడవాళ్ళు శుభానికి నోళ్ళతో ఉలూలు పలికారు. పెళ్ళికొడుకు రుమాలు అడ్డం పెట్టుకుని అటు తిరిగి, ఇటు తిరిగి, "ఇంకోసారి" అన్నాడు.

"నాయనా, ఇంకోసారంటే రెండో పెళ్ళి కిందికి వస్తుంది," అన్నాడు పురోహితుడు.

"కానివ్వండి పంతులుగారూ," అంది పెళ్ళికూతురు మాలతి. "రెండోసారీ పిల్లని నేనే కదా."

అరవై దాటాక వేషాలు తగ్గాయి. అప్పుడు గొడుగు గుర్తు పార్టీవాళ్ళు వచ్చి కాంచన్‌డాంగా నుంచి అసెంబ్లీకి పోటీ చేయమన్నారు. జిల్లా కార్యదర్శి జగబంధు సమాద్దార్ నిద్రలో కూడా గడియారం చూసుకునే మనిషి. ఆయన అప్పటికే ఊళ్ళో గోడలన్నిటిమీదా రాయించేశాడు. గోడమీద అభ్యర్థి మొహం లేదు. పైన గొడుగు, దాని కింద గోడ పొడుగునా మీసం.

"మీరు ఉపన్యాసాలివ్వక్కర్లేదు నిశాపతిగారూ. మీసం మెలేయండి చాలు," అన్నాడు జగబంధు.

నిమాయ్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి చెవిలో అసలు సంగతి చెప్పాడు. జగబంధు ఉన్నపళాన మెట్టుమీద కూలబడ్డాడు.

"ఇది బయటపడితే సీటు గంగలో కలిసినట్టే. అవతల నిలబడ్డది హాల్దార్ మాస్టారు. మీసమే అబద్ధమైతే మాట నిజమెలా అవుతుందని లెక్కల టీచరు లెక్కే చెప్తాడు. ఇరవై రోజులయ్యా నిమాయ్. జారకుండా చూడు."

"ముప్ఫై రెండేళ్ళు చూశాను. ఇరవై రోజులు చూడలేనా?" అన్నాడు నిమాయ్.

కానీ ఆ ఏడు నిమాయ్ చూపు సంగతి దేవుడికే తెలియాలి. ఒకరోజు కరెంటు స్తంభాన్ని జగబంధు అనుకుని, మీసం భారం నాది అని భరోసా కూడా ఇచ్చాడు. కళ్ళు చూపించుకోమని పుష్ప పోరుపెట్టింది. "నా కళ్ళకేం? వీధుల్లోనే వెలుతురు తగ్గింది," అన్నాడు.

ప్రచారం మొదలైంది, దాంతోపాటు ఇంకోసారి రోగమూ మొదలైంది. నామినేషన్ వేసి బయటికొచ్చిన నిశాపతి గేటు దగ్గర రుమాలు తీసి, అటు తిరిగి, ఊరేగింపు మొత్తాన్ని మళ్ళీ లోపలికి నడిపించాడు. "ఇందాకే ఇచ్చారు కదండీ," అని ఆఫీసరు బతిమాలుకున్నాడు. చేపల బజార్లో ఒకామె చేతిలో పెట్టిన ఇలిశ చేపని ఫొటో అయ్యాక తిరిగి ఇచ్చి, ఇంకోసారి పెట్టమన్నాడు. ఒక గుమ్మంలో, అందరూ మేనత్త వరసలో పిషీ అని పిలిచే ముసలమ్మ శంఖం ఊది స్వాగతం చెప్పింది. ఈయన రుమాలు తీశాడు.

"ఇంకోసారి ఊదు పిషీ."

"ఒకసారికే ఆయాసం వస్తోంది నాయనా. మళ్ళీ ఊదితే ఓటెయ్యడానికి నేనుండను."

నిమాయ్ జీపులో కూర్చుని గొణుక్కునేవాడు. "రాజకీయాల్లోకొచ్చినా ఆయనకి నటన కుదరడం లేదు."

ఆఖరి రోజు ఫుట్‌బాల్ మైదానంలో సభ. వైశాఖ మాసం ఎండ నిప్పులు చెరుగుతోంది. ఐదింటికల్లా మైకు ఆగిపోవాలి. దారిలోనే జగబంధు నిశాపతి జేబులోంచి రుమాలు లాగేసి తన సంచిలో పడేసుకున్నాడు.

"ఇవాళ ఇంకోసారి అన్న మాట వినపడకూడదు."

నిశాపతి మొహం తెల్లబోయింది. "అది లేకపోతే నాకు భావం రాదయ్యా."

"భావం రాకపోతే మానె. ఓట్లు వస్తే చాలు."

నాలుగూ నలభైకి నిశాపతి మైకు ముందు నిలబడ్డాడు. చెమట కారిపోతోంది. జేబు తడుముకున్నాడు, రుమాలు లేదు. చొక్కా చెయ్యి ఎత్తబోయాడు, జగబంధు కిందికి లాగాడు. జనం "మీసం, మీసం" అని అరిచారు. నిశాపతి బిక్కుబిక్కుమంటూ రెండు వేళ్ళతో అలా ముట్టుకున్నాడో లేదో, మీసం మొత్తం ఊడి మెడలో బంతిపూల దండమీద పడింది.

పక్కనే ఉన్న మహిళా విభాగం అధ్యక్షురాలు గొంగళిపురుగనుకుని కెవ్వుమని, దాన్ని దులిపేసింది. జగబంధు అలవాటుకొద్దీ చెప్పుతో తొక్కేశాడు. తొక్కాక గాని అదేమిటో ఆయనకి తట్టలేదు.

మైదానం మూగబోయింది. వేదిక కింద నిలబడ్డ నిమాయ్‌కి పైన పసుపు పచ్చగా ఏదో తప్ప ఏమీ కనపడలేదు.

"ఏమైంది? అంతా ఎందుకు ఊరుకున్నారు?" అని పక్కవాణ్ణి అడిగాడు.

"మీసం ఊడిందండి."

"ఎవరిది?"

"మన నిశాపతి దాదాదే."

నిమాయ్ మరమరాల బస్తామీద చతికిలపడ్డాడు. టీకొట్టు మేడమీంచి హాల్దార్ మనుషులు ఈలలు వేశారు. "అతికించినవాణ్ణి పైకి ఎక్కించండ్రా, దండ వేద్దాం," అని ఎవడో అరిచాడు.

నిశాపతి బోడి మూతితో ఒక క్షణం నిమాయ్ వైపు చూశాడు. తర్వాత మైకు దగ్గరికి జరిగాడు.

"అతికించినవాణ్ణి ఏమీ అనకండి. వాడు అతికిస్తే తుఫానుకి కూడా ఊడదు. నేనే పీకాను. ముప్ఫై రెండేళ్ళుగా దొంగ మీసంతో మీకు కనపడ్డాను. ఎల్లుండి మీరు ఓటెయ్యాల్సింది ఈ బోడి మూతికి. బాగా చూసుకోండి. నచ్చకపోతే హాల్దార్ మాస్టారికి వేయండి, ఆయన మీసం సొంతం."

మేడమీద హాల్దార్ మాస్టారు తెలియకుండానే మీసం తడుముకున్నాడు. అది చూసి ముందు ఒక మూల నవ్వారు, తర్వాత మైదానమంతా నవ్వింది. ఐదింటికి రెండు నిమిషాలుందనగా జనమే లేచి "ఇంకోసారి, ఇంకోసారి" అని అరిచారు. జగబంధు గడియారం చూడటం మరిచిపోయాడు.

నిశాపతి నాలుగు వందల పన్నెండు ఓట్లతో గెలిచాడు. నిమాయ్ మాత్రం వారం రోజులు మాట్లాడలేదు.

"భేషుగ్గా ఉన్న మీసాన్ని పీకి పారేస్తారా? నా పరువేం కావాలి?"

"తప్పయిపోయిందిరా," అన్నాడు నిశాపతి.

ఎమ్మెల్యేగా ఆయన పెట్టించిన మొదటిది కళ్ళ శిబిరం. మొదట ఎవరైనా కూర్చుంటే జనానికి ధైర్యం వస్తుందని చెప్పి, నిమాయ్‌ని రెక్క పట్టుకుని తీసుకెళ్ళాడు. "నా కళ్ళకేం?" అంటూనే నిమాయ్ కూర్చున్నాడు. ఎడమ కంటికి శుక్లం తీశారు. నెల తిరిగాక నిశాపతి మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పదరా. ఇంకోసారి."

రెండు కళ్ళూ వచ్చిన మర్నాడు నిమాయ్ చేతికి ప్రచారం ఫొటోల ఆల్బం దొరికింది. చేపల బజారు ఫొటోలు రెండు. మొదటిదాంట్లో మీసం చెవివైపు ప్రయాణం కట్టింది, రెండోదాంట్లో ముక్కు కింద బుద్ధిగా ఉంది. నామినేషన్ ఫొటోలూ అంతే, ముసలమ్మ శంఖం ఫొటోలూ అంతే. ఎక్కడైతే మీసం జారిందో అక్కడే రుమాలు, అక్కడే ఇంకోసారి. నిమాయ్ ఆల్బం మూశాడు.

"నీకు తెలుసా?" అని పుష్పని అడిగాడు.

"నాకు తెలుసు, మాలతక్కకి తెలుసు. తెలియంది నీకే."

తిన్నగా నిశాపతి ఇంటికి వెళ్ళాడు.

"దాదా, మొదటి రోజు నుంచీ ఇంతేనా? మీ పెళ్ళిలో కూడా?"

నిశాపతి ఇక దాచలేకపోయాడు. "మొదట్లో నీకు పని రాదు. చివర్లో నీకు కళ్ళు కనపడవు. మధ్యలో ఓ పన్నెండేళ్ళు బాగానే అతికించావు. కానీ అప్పటికి నాకు అలవాటైపోయింది."

"ఒక్క మాట చెబితే పోయేదిగా."

"చెబితే నువ్వు పని మానేసేవాడివి. ఇంకొకణ్ణి నేనెక్కడ వెతుక్కోను?"

కాంచన్‌డాంగా జనం మీసమున్న ఎమ్మెల్యేనే కావాలని పట్టుబట్టారు, దొంగదైనా సరే. పుష్ప జుట్టుతో నిమాయ్ కొత్తది అల్లాడు, ఈసారి నెరిసిన మీసం. అసెంబ్లీ సమావేశాల మొదటి రోజు బయట జగబంధు గడియారం చూసుకుంటూ తలుపు కొడుతుంటే, లోపల నిమాయ్ దాన్ని అతికించి, రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూశాడు.

"ఎడమవైపు నూలుపోగంత కిందికుంది."

"బాగానే ఉందిరా. నాకేం కనపడ్డం లేదే."

"మీకు చూపు తగ్గింది దాదా," అన్నాడు నిమాయ్, మీసం పీకుతూ. "ఇంకోసారి."