మైకక్క చెప్పిన వీడ్కోలు

బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే ఆవిడను అందరూ మైకక్క అనేవారు. అసలు పేరు ఆఫీసు గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. గట్టి గొంతే గాని గరుకు గొంతు కాదు. బస్సు ఆలస్యంగా వస్తుందని ఆవిడ చెబితే, తిట్టుకోవడానికి నోరు తెరిచినవాళ్ళు కూడా సరేలెమ్మని మళ్ళీ బెంచీ మీద కూలబడేవారు.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు. గుమ్మాలన్నిటికీ తల కొట్టుకుంటూ పెరిగాడు. చిన్నప్పుడు స్కూల్లో బల్ల కింద మోకాళ్ళు పట్టక వరండాలో కూర్చునేవాడు. చూసి చూసి అక్కే వాణ్ణి చెయ్యి పట్టుకుని బాస్కెట్‌బాల్ మైదానానికి తీసుకెళ్ళి, "వీడికి ఇక్కడేమైనా పనుందా చూడండి సార్" అని అప్పగించి వచ్చింది. పనుంది. పెరిగి పెద్దవాడై ఆ ఊరి ప్రొఫెషనల్ జట్టులో సెంటర్ ఆటగాడయ్యాడు. బుట్ట కింద నిలబడి, దాని అంచుకి తగిలి వెనక్కొచ్చిన ప్రతి బంతినీ అందుకోవడం అతని పని. జనం నిచ్చెన అని పేరు పెట్టారు.

ఒకసారి స్టేడియంలో పేర్లు చదివే పెద్దాయన గొంతు పట్టేసి మంచమెక్కాడు. "మా అక్కుంది కదా, రోజూ బస్సుల పేర్లు చదువుతుంది, మా పేర్లు చదవలేదా?" అన్నాడు నిచ్చెన, జట్టు మేనేజరుతో. అలా ఆవిడ బస్టాండు డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, కోర్టు పక్కన బల్ల దగ్గర మైకు ముందు కూర్చుంది. ఆ పెద్దాయన మళ్ళీ రానేలేదు. తమ్ముడు బుట్టలో బంతి వేసినప్పుడల్లా "మన ని... చ్చె... నా!" అని ఆవిడ సాగదీస్తే జనం ఆ దీర్ఘాన్ని అందుకుని ఇంకాస్త సాగదీసేవారు. ఆవిడ భర్త ఆస్పత్రి ల్యాబులో పనిచేసేవాడు. "అడుగు లేని బుట్టలో బంతి వేసి ఈ గంతులేమిటి?" అని ఇంట్లో వేళాకోళం చేసేవాడు గాని, బావమరిది ఆడుతుంటే వచ్చి చివరి వరసలో కూర్చునేవాడు.

ఇలా చాలా ఏళ్ళు బాగానే గడిచింది. ఆ తర్వాత జట్టు చేతులు మారింది. కొత్త యజమానులు కొత్త కోచ్‌ను పెట్టారు. ఆయన వస్తూ వస్తూ ఎక్కడినుంచో పాతికేళ్ళు కూడా నిండని ఒక సెంటర్ కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. నిచ్చెన కంటే జానెడు ఎత్తు. జనం రెండో ఆటకే అతనికి మిద్దె అని పేరు పెట్టేశారు. "మిద్దె ఎక్కేశాక నిచ్చెనతో పనేముంది?" అని ఎవరో అంటే స్టేడియమంతా నవ్వింది. మైకు ముందు కూర్చున్న అక్కకి కూడా ఆ మాట వినబడింది. నవ్వురాలేదు.

సీజన్ మొదట్లో వరసగా గెలిచారు. మిద్దె చెయ్యి ఎత్తితే చాలు, బంతి బుట్టలో ఉండేది. నిచ్చెన బెంచీ మీద తువ్వాలు భుజాన వేసుకుని చప్పట్లు కొట్టేవాడు. విరామంలో మిద్దెను పక్కకి పిలిచి ఎక్కడ కాలు పెట్టాలో, ఎవరు మోచేత్తో పొడుస్తారో చెప్పేవాడు. "నీ కుర్చీ లాక్కున్నవాడికి నువ్వే దుమ్ము దులిపి ఇస్తున్నావేంట్రా" అంది అక్క. "వాడేం చేశాడక్కా, పాపం. పిలిస్తే వచ్చాడు" అన్నాడు.

సీజన్ మధ్యలో మిద్దె జ్వరమొచ్చి కొన్నాళ్ళు పడుకున్నాడు. ఆ కొన్నాళ్ళూ నిచ్చెన ఆడాడు, జట్టు గెలిచింది. మిద్దె లేచాడు, నిచ్చెన మళ్ళీ బెంచీ మీదికి వెళ్ళాడు. "కరెంటొచ్చింది, కొవ్వొత్తి ఆర్పేశారు" అని అక్క ఇంట్లో అన్నం తింటూ తనే నవ్వాడు. నవ్వాపి, "ప్లేఆఫ్స్‌లో అవకాశమొస్తే చూపిస్తానక్కా. ఇంకో రెండేళ్ళు ఆడగలను. మోకాలు బాగానే ఉంది" అన్నాడు. ఆ మాట అన్నం కలుపుతూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

తర్వాత జట్టు చెడింది. మిద్దె ఆట మిగతా జట్లకి అర్థమైపోయింది. ఇద్దరేసి చుట్టుముట్టి అతన్ని కదలనిచ్చేవారు కాదు. కోచ్ అరిచేవాడు, ఆటగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. గెలవాల్సినవి ఓడిపోయారు. ఎలాగో పడుతూ లేస్తూ, ఇంకో జట్టు ఓడిపోయిన పుణ్యాన, ప్లేఆఫ్స్‌లో చివరి స్థానం దక్కించుకున్నారు. మొదటి రౌండులోనే ఆ ఏడాది అందరికంటే పైనున్న జట్టు ఎదురుపడింది. రెండు ఆటలు గెలిచినవాళ్ళు ముందుకి వెళతారు. మొదటి ఆట పరాయి ఊళ్ళో జరిగింది. చిత్తుగా ఓడి వచ్చారు. రెండోది సొంత స్టేడియంలో.

ఆ మధ్యాహ్నం మైకక్క వైర్లు సరిచూసుకుంటుంటే మేనేజరు వచ్చి బల్ల అంచు మీద కూర్చున్నాడు.

"అక్కా, చిన్న మాట. వచ్చే సీజన్‌కి మీ తమ్ముణ్ణి తీసుకోవడం లేదు. తీసేశారంటే బాగుండదు కదా, రిటైర్ అవుతున్నాడని చెబుదాం. ఇవాళ ఓడిపోతే ఇదే ఆఖరి ఆట. ఆట అయ్యాక మీరే మైకులో చెప్పండి. మీ నోటివెంట వస్తే అందంగా ఉంటుంది."

ఆవిడ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. "వాడికి తెలుసా?"

"తెలియకపోవడమేంటక్కా? నిన్ననే కూర్చుని మాట్లాడాం. సరేనన్నాడు. కాకపోతే ఆటకి ముందు ఆ మాట కదపొద్దన్నాడు. మీరు కూడా అడక్కండి."

ఆవిడకి ముందు దుఃఖం వచ్చింది, వెనకే కోపం. మోకాలు దోక్కుపోతే మొదట తన దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు, ఇంత పెద్ద మాట తనతో చెప్పలేదు. చెప్పనివాణ్ణి నేనెందుకు అడగాలి అనుకుంది. అయినా మనసు ఊరుకోక, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది బయట నిలబడింది. తమ్ముడు కాలికి పట్టీ చుట్టుకుంటూ బయటికొచ్చాడు.

"ఏరా, అలా ఉన్నావు? తెలిసిందే కదా, ఇంకా దిగులెందుకు?"

"తెలిసిందేలే అక్కా. దాచేదేముంది? ఊరందరికీ తెలుసు" అన్నాడు.

అతను అన్నది ఆ రాత్రి జట్టు ఓడిపోతుందని. ఆవిడకి అర్థమైంది వేరు. ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. ఆవిడ భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆట మొదటి సగం చూడలేనట్టుంది. స్కోరులో చాలా వెనకబడ్డారు. చివరి క్వార్టర్ మొదట్లోనే మిద్దెకి ఐదో ఫౌల్ పడింది. అంటే ఇక బయటికే. కోచ్ బెంచీ వైపు ఇటునుంచి అటు చూసి, వేరే దారిలేక, నిచ్చెనకు సైగ చేశాడు.

అతను తువ్వాలు తీసి పక్కన పెట్టి లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత జరిగింది ఊళ్ళో చాలా రోజులు చెప్పుకున్నారు. బుట్ట కింద ఆ వయసు మనిషి కాలు పాతి నిలబడితే ఎదుటి జట్టువాళ్ళు జరపలేకపోయారు. తగిలి వచ్చిన బంతి ప్రతిదీ అతని చేతుల్లోకే వెళ్ళింది. తను వేశాడు, పక్కవాళ్ళ చేత వేయించాడు. ముక్కు పక్కన మోచెయ్యి తగిలి నెత్తురొస్తే చేత్తో తుడుచుకుని ఆడాడు. స్కోరు దగ్గరపడింది. చాలా రోజులుగా మూగగా ఉన్న దీర్ఘం అక్క గొంతులోంచి మళ్ళీ వచ్చింది. "మన ని... చ్చె... నా!" జనం లేచి నిలబడి అందుకున్నారు. ఏడుస్తున్నట్టు గొంతు వణికితే అది ఉత్సాహమే అనుకున్నారు.

గెలవలేదు. ఆఖర్లో ఇంకో ఆటగాడి చేతిలోంచి బంతి జారిపోయింది, అవతలివాళ్ళు పరిగెత్తుకెళ్ళి వేసేశారు. గంట మోగింది. జట్టు సీజన్ అక్కడితో ముగిసింది.

అయినా నిచ్చెన మొహంలో ఓటమి లేదు. రొప్పుతూ, అక్క బల్ల వైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్ళెగరేశాడు. ఆవిడ దాన్ని వీడ్కోలనుకుంది. మేనేజరు దూరం నుంచి చెయ్యి ఊపాడు. ఆవిడ మైకు దగ్గరికి లాక్కుంది.

"దయచేసి ఒక్క నిమిషం కూర్చోండి. ఇన్నేళ్ళుగా మన జట్టుకి అండగా నిలబడిన మన నిచ్చెన ఈ ఆటతో రిటైర్ అవుతున్నారు. ఇదే ఆయన చివరి ఆట. అందరూ లేచి వీడ్కోలు చెబుదాం."

అతను నీళ్ళ సీసా నోటికెత్తుకుంటున్నవాడు ఆగిపోయాడు. ముందు పైనున్న స్పీకర్ల వైపు చూశాడు, తప్పు విన్నానేమో అన్నట్టు. తర్వాత కోచ్ వైపు చూశాడు. కోచ్ బూటు లేసు చూసుకుంటున్నాడు. ఆ తర్వాత అక్క వైపు చూశాడు. ఆ చూపుతో ఆవిడకి అంతా తెలిసిపోయింది. చెప్పిన మాట వెనక్కి తీసుకునే దారిలేదు. వేలమంది లేచి చప్పట్లు కొడుతున్నారు. మేనేజరు పూలగుత్తి పట్టుకుని కోర్టు మధ్యకి వచ్చాడు, వెనకే కెమెరాలు వచ్చాయి. నిచ్చెన పూలు తీసుకున్నాడు. నవ్వమంటే నవ్వాడు.

స్టేడియం వరండాలో ఆవిడ పరిగెత్తుకుంటూ వెళ్ళి అతన్ని అందుకుంది. "ఒరేయ్, నీకు చెప్పామన్నారురా! నువ్వు ఒప్పుకున్నావన్నారు!"

"నీకెప్పుడు తెలిసింది?"

"మధ్యాహ్నం."

"మధ్యాహ్నం నుంచి తెలిసి, గది బయట నిలబడి, నన్నొక్క మాట అడగలేకపోయావా అక్కా?" అన్నాడు. అరవలేదు. పూలగుత్తి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి క్లబ్బు ఆఫీసుకెళ్ళింది. మేనేజరు కాఫీ తెప్పించాడు. "చెబుదామనే అనుకున్నామక్కా, ఆ హడావిడిలో కుదరలేదు. అయినా ఎంత గౌరవంగా జరిగిందో చూడండి, అంతమంది లేచి నిలబడ్డారు!" అన్నాడు.

"నాతో ఎందుకు అబద్ధమాడావు? ఇంకెవరి చేతైనా చెప్పించి ఉండొచ్చు కదా."

"మీరు చెబితే అతను గొడవ చెయ్యడని" అని నోరు జారాడు. వెంటనే, "మీరంటే అతనికి అభిమానం కదా, అందుకని" అని సర్దుకోబోయాడు.

"నా మొహం చూసి చెప్పావు, వాడి మొహం చూసి కూడా చెప్పు. అక్క తప్పు లేదని చెప్పు" అని అడిగింది. వస్తానన్నాడు. రాలేదు. ఆవిడ మళ్ళీ స్టేడియం మెట్లెక్కలేదు.

కొన్ని వారాల తర్వాత నిచ్చెన భార్య బస్టాండు కిటికీ దగ్గరికి వచ్చింది. "వదినా, మీతో చెప్పొద్దన్నారు, ఉండబట్టక వచ్చాను. పక్క ఊరి చిన్న జట్టువాళ్ళు ఒక్క సీజన్‌కి ఈయన్ని తీసుకుందామనుకున్నారట. రిటైరయ్యానని మైకులో చెప్పారు కదా, సొంత అక్కే చెప్పింది కదా అని వేరేవాణ్ణి చూసుకున్నారట" అంది. కళ్ళు తుడుచుకుని, "మిమ్మల్ని అనాలని కాదు" అంది. అనాలని కాకపోయినా, ఆ మాట ఆవిడకి గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

నిచ్చెన ఒక స్కూల్లో ఆటల మాస్టారుగా చేరాడు. ఎండలో ఈల వేస్తూ పిల్లల్ని వరసల్లో నిలబెట్టే పని. చేరిన సంగతి కూడా అక్కకి బయటివాళ్ళ ద్వారానే తెలిసింది. ఒక ఆదివారం ఆవిడ మనసు దిటవు చేసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. తిడతాడని, తిడితే తనూ నాలుగు మాటలు అంటానని, ఇద్దరూ ఏడ్చి తేలికపడొచ్చని దారంతా అనుకుంది. మేనకోడలు "అత్తా!" అంటూ వచ్చి కాళ్ళకి చుట్టుకుంది. తమ్ముడు లోపల్నించి గుమ్మానికి తల వంచి బయటికొచ్చాడు, కుర్చీ జరిపాడు, మంచినీళ్ళు తెప్పించాడు, బావ ఆరోగ్యం అడిగాడు. స్కూలు గురించి అడిగినదానికి జవాబు చెప్పాడు. ఆ రాత్రి గురించి ఆవిడ మొదలుపెట్టబోతే, "అయిపోయినవి ఎందుకులెండి" అన్నాడు. కాసేపు కూర్చుని లేచింది. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

ఇంటికి రాగానే భర్త ఆత్రంగా ఎదురొచ్చాడు. "మాట్లాడాడా?"

"మాట్లాడాడు."

"ఏమన్నాడు?"

ఆవిడ వంగి చెప్పులు విప్పుకుంది.

"కూర్చోండి అన్నాడు."

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు ఆవిడను 'అండీ' అని పిలవడం అదే మొదలు. ఆ తర్వాత ఇంకెప్పుడూ నువ్వు అనలేదు.