త్రీఫేజు సంగీతం

అనంతపురంలో పాత సామాన్ల అంగట్లో ఒక ముసలి కంప్యూటర్ కొని, దాని కడుపులోంచి శబ్దం చేసే చిప్పును మాత్రం పీకి, విడపనకల్లు దగ్గర మా ఊరికి తెచ్చుకున్నాను. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చదివిస్తే చిప్ప చేతికొచ్చినాదన్నమాట" అన్నాడు.

ఆ చిప్పుకు మూడే గొంతులు. ఒకేసారి మూడు స్వరాలు పలుకుతుంది, నాలుగోది అడిగితే ఇవ్వదు. ఆ పిసినారితనమే నాకు నచ్చింది. వరసలు కట్టి, దానితో పలికించి, చిన్న స్పీకర్లో వింటూ సాయంత్రాలు గడిపేవాణ్ని. నేను మొదలుపెట్టగానే నాయన లేచి గొర్రెల దొడ్డి దగ్గరికి పోయేవాడు. నాకది బాధగానే ఉండేది. ఊరంతా మెచ్చుకోనక్కర్లేదు, ఆయన ఒక్కసారి కూర్చుని వింటే చాలనిపించేది.

ఒకసారి మాత్రం వేరే కారణానికి లేచాడు. నా కొత్త పాట సన్నటి కూతతో మొదలవుతుంది. అచ్చం అలాంటి కూతే మా ఇంట్లో ఇంకొకటి ఉంది, బోరుకు త్రీఫేజు కరెంటు రాగానే మోగే అలారం. నాయన చెప్పులేసుకుని చేను దాకా పోయి, మోటారు బటన్ నొక్కి, అది కదలకపోతే తిరిగొచ్చాడు.

"కరెంటొచ్చిందనుకొని ఉరుకుతి కదప్పా. నీ పాటంట!"

కూత తీసేశాను. సంగీతకారుడిగా అది నా మొదటి రాజీ.

మొన్న వేసవిలో అదే పాట వాయిస్తున్నాను. ఎక్కడో పలచగా ఉందనిపించింది గానీ, స్పీకర్ పాతదని సరిపెట్టుకున్నాను. దొడ్డి దగ్గర్నుంచి నాయన కేకేశాడు.

"ఆపప్పా! ఒక ఫేసు పోయిండాది."

"యాడ నాయనా? లైట్లు ఎలుగుతాండాయి కదా."

"లైట్లు కాదప్పా, నీ పాటలో. అడుగున గుమ్ముమంటా ఒకటుంటాదే, అది ల్యా."

చూస్తే నిజమే, మూడో గొంతు తీగ అతుకు ఊడిపోయింది. ఒక ఫేజు పోతే మోటారు మూలుగుతుంది, ఆ మూలుగు పట్టించుకోకపోతే కాలిపోతుంది. ఆ చెవితోనే ఆయన నా పాట విన్నాడు. ఇన్నాళ్లూ దొడ్డి దగ్గర నిలబడి మూడు గొంతులూ విన్నాడు. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. వెంటనే అతుకు వేశాను.

మూడూ పలికాయి. నాయన లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు సరిగ్గుండాది. మొదుట్నుంచి ఏయి" అన్నాడు. "ముందర ఒక కూత ఉండ్య కదా, అదీ పెట్టు."